మిక్సీ మధ్యలో ఎందుకు ఆగింది?

పిల్లలూ, "మా వంటిల్లు" గురించి పది వాక్యాలు రాయమంటే ఈ ఏడాది నాకు ఎక్కువగా కనిపించిన వాక్యాలు ఇవి: "అమ్మ పప్పు మిక్సీ పట్టింది. అమ్మ అల్లం మిక్సీ పట్టింది. నాన్న పెరుగు మిక్సీ పట్టారు." ఒకరిద్దరు "అమ్మ దాల్ పీస్ చేసింది" అని కూడా రాశారు. ఉత్తరాదిలో పెరిగే పిల్లల తెలుగులో అది మామూలే. నాకు కోపం రాదు, నవ్వు వస్తుంది.

వ్యాకరణం ప్రకారం ఈ వాక్యాల్లో తప్పేమీ లేదు. కానీ అందులో ఉన్నవి మూడు వేర్వేరు పనులు. ఆ తేడా మనం మరిచిపోయినా మిక్సీలోని మోటారు మరిచిపోదు. గారెల పిండి సగంలో ఉండగా టక్కున ఆగిపోయే మిక్సీ చాలాసార్లు మనకు చెప్పేది అదే. కాబట్టి ఈసారి తెలుగు పాఠాన్నీ మిక్సీ పాఠాన్నీ కలిపి చదువుకుందాం.

మిక్సీ రాకముందు మన వంటింట్లో ఈ పనులకు ఐదు క్రియలు, ఐదు పనిముట్లు ఉండేవి.

మజ్జిగను కవ్వంతో చిలికేవారు. పసుపు కొమ్ములు, ఎండుమిరపకాయలు రోట్లో వేసి రోకలితో దంచేవారు. కందులు, బియ్యం లాంటి పొడి గింజలను తిరగలిలో రెండు రాళ్ల మధ్య వేసి విసిరేవారు. (బంతి విసరడానికీ, విసనకర్రతో విసరడానికీ, తిరగలికీ ఒకే మాట ఎందుకు వచ్చిందో మీరే ఆలోచించండి. మూడింటిలో చెయ్యి ఎలా తిరుగుతుందో చూడండి.) పచ్చడిని రోట్లో పచ్చడిబండతోనో సన్నికల్లు మీదో నూరేవారు. తెలంగాణ ఇళ్లలో తొక్కు నూరడం అంటారు. నానిన మినప్పప్పును రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ రుబ్బేవారు.

హిందీలో వీటిలో మూడింటికి, అంటే విసరడానికీ నూరడానికీ రుబ్బడానికీ, 'పీస్‌నా' అనే ఒక్క మాట సరిపోతుంది. తెలుగులో సరిపోదు. 'మినప్పప్పు విసిరాను' అంటే పొడి పప్పును పిండి చేశానని. 'మినప్పప్పు రుబ్బాను' అంటే నానిన పప్పును ముద్ద చేశానని. నూరడం నుంచైతే జాతీయాలు కూడా పుట్టాయి. ఎవరిమీదనైనా మండిపడితే 'కారాలు మిరియాలు నూరుతున్నాడు' అంటాం. పదేపదే చెప్పి తలకెక్కిస్తే 'నూరిపోశారు' అంటాం. తెలుగు టీచర్ల గురించి మీరు వాడే మాట అది. 'రుబ్బిపోశారు' అని మాత్రం ఎవరూ అనరు.

ఈ ఐదు క్రియలూ పని ఎంత బరువైనదో కూడా చెప్పేవి. మజ్జిగ చిలకడానికి చిన్నపిల్లను కూర్చోబెట్టేవారు. విసరడానికి ఒక్కోసారి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తిరగలి పిడి పట్టుకునేవారు. గారెల పిండి రుబ్బాలంటే భుజాలు పడిపోయేవి, మధ్యమధ్యలో నీళ్లు చిలకరించుకుంటూ, చెయ్యి మార్చుకుంటూ, ఆగి ఆగి రుబ్బేవారు. బరువు ఎక్కువైతే చెయ్యి నొప్పి పుట్టి తానే ఆగేది.

ఇప్పుడు ఆ ఐదు పనులనూ ఒకే మోటారు మీద వేశాం. దానికి నొప్పి తెలియదు. తెలిసేది వేడి.

కాస్త లెక్క చూద్దాం. మీ మిక్సీ మీద 750 వాట్లు అని ఉందనుకోండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. 750ని 230తో భాగిస్తే సుమారు 3.3 ఆంపియర్లు. మోటారు తన బరువును హాయిగా మోస్తున్నప్పుడు తీసుకునే కరెంటు దాదాపు ఇంత. మిక్సీలో ఉండే మోటారును యూనివర్సల్ మోటారు అంటారు. దాని స్వభావం ఏమిటంటే, అడ్డు లేకపోతే విపరీతమైన వేగంతో తిరుగుతుంది, నిమిషానికి దాదాపు 18,000 చుట్లు తిరిగేవి ఉన్నాయి. అడ్డు పెరిగితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గిన కొద్దీ అది లాక్కునే కరెంటు పెరుగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని పదో తరగతి వాళ్లు చదువుకున్నారు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మోటారును చల్లబరిచే చిన్న ఫ్యాను కూడా అదే ఇరుసుకు బిగించి ఉంటుంది. గట్టి పిండిలో బ్లేడు నెమ్మదిస్తే ఇరుసు నెమ్మదిస్తుంది, ఫ్యానూ నెమ్మదిస్తుంది. అంటే గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే తక్కువ దొరుకుతుంది. మిక్సీ కింద న్యూస్‌పేపరో, పాత టవలో పరిచారనుకోండి, అడుగున ఉన్న గాలి రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. చప్పుడు తగ్గుతుందని చాలామంది ఇళ్లలో ఇలా పరుస్తారు. చప్పుడు తగ్గడం నిజమే, దాని ఖరీదు మోటారు కడుతుంది.

ఇక్కడే ఎర్ర బటన్ కథ వస్తుంది. చాలా మిక్సీలకు అడుగున గానీ వెనకవైపు గానీ వేలి కొన అంత చిన్న బటన్ ఉంటుంది. దాని పేరు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్. చాలావాటిలో లోపల రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది, అందువల్ల పట్టీ వంగుతుంది. వంగగానే కరెంటు దారి తెగుతుంది, బటన్ బయటికి పొడుచుకొస్తుంది. ఇస్త్రీపెట్టెలో కూడా ఇలాంటి పట్టీ ఉంటుంది, కానీ అది చల్లారగానే తానే మళ్లీ కలుస్తుంది. మిక్సీ బటన్‌ను మాత్రం మనమే నొక్కాలి. ఎందుకో ఒక్క నిమిషం ఊహించండి. మిక్సీ ఆగింది, అమ్మ మూత తీసి గరిటెతోనో వేలితోనో పిండి కదుపుతోంది, నాబ్ ఇంకా మూడు దగ్గరే ఉంది. ఆ క్షణంలో మోటారు చల్లారి తనంతట తాను మొదలైతే?

కొన్ని మిక్సీలకు ఈ బటన్ ఉండదు, వేడికి తెగి చల్లారితే మళ్లీ కలిసే స్విచ్ మోటారు లోపలే ఉంటుంది. కాబట్టి మీ మిక్సీ ఏ రకమో తెలిసినా తెలియకపోయినా, ఆగిన మిక్సీని ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటే: నాబ్ సున్నాకు తిప్పి, ప్లగ్గు పీకాలి. చెయ్యి జార్ దగ్గరికి ఆ తర్వాతే వెళ్లాలి. మీలో చిన్నవాళ్లు ఈ పనులేవీ ఒంటరిగా చేయకూడదు. పక్కన నిలబడి "నాబ్ సున్నాలో పెట్టారా?" అని అడగడం మీ వంతు. ఉదయం స్కూలు బస్సు తొందరలో పెద్దవాళ్లే దీన్ని మరిచిపోతారు.

ప్లగ్గు పీకారు, జార్ తీసి పక్కన పెట్టారు. ఇప్పుడు మిక్సీని వంచి అడుగు చూడండి. ఎర్ర బటన్ బయటికి వచ్చి ఉంటే సంగతి దాదాపు తేలినట్టే, బరువు ఎక్కువైంది. వెంటనే నొక్కితే నిలబడదు, ఎందుకంటే లోపలి పట్టీ ఇంకా వంగే ఉంది. పది నిమిషాలు ఆగండి. ఈలోగా జార్‌లోని పిండి సగం తీసేయండి. కాసిని చల్లటి నీళ్లు చేర్చండి. తర్వాత బటన్ నొక్కి, జార్ బిగించి, ప్లగ్గు పెట్టి, నాబ్‌ను తిప్పి పట్టుకుంటేనే తిరిగి వదలగానే ఆగే 'పల్స్' స్థానంలో కొద్దికొద్దిగా నడపాలి. రుబ్బురోలు దగ్గర నీళ్లు చిలకరిస్తూ ఆగి ఆగి రుబ్బిన పద్ధతే ఇది, రాయి స్థానంలో బ్లేడు వచ్చిందంతే. కొన్ని మిక్సీలతో వచ్చే పుస్తకంలో ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ట్రాన్స్‌ఫర్ల సామానులో పారేయకండి.

గారెల పిండి విషయంలో పెద్దవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. నీళ్లు పోస్తే పిండి జారిపోయి నూనె పీలుస్తుంది, పోయకపోతే మిక్సీ ఆగుతుంది. రుబ్బడం మిక్సీకి అంత నచ్చే పని కాదని దక్షిణాదిలో ముందే తెలుసుకున్నారు కనుకే రుబ్బడానికి వేరే యంత్రం ఉంది. రాళ్లు నెమ్మదిగా తిరిగే తడి గ్రైండరు అది. కోయంబత్తూరు గ్రైండర్లకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంట్లో మిక్సీ ఒక్కటే ఉంటే పప్పును బాగా నాననిచ్చి, చిన్న చిన్న వాయిలుగా వేసుకోవడమే దారి.

మన మిక్సీ పుట్టుక కూడా ఇలాంటి గొడవలోనే ఉంది. 1960ల మొదట్లో ముంబైలో మాధురీ మాథుర్ అనే గృహిణి వాడుతున్న విదేశీ మిక్సర్ కాలిపోయింది. పండ్ల రసాలకు, పలుచని వాటికి చేసిన యంత్రం మన మసాలాలకూ నానిన పప్పుకూ తట్టుకోలేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజినీరు. మన వంటకు తట్టుకునే మోటారుతో మిక్సీ తయారు చేయడానికి పూనుకున్నారు. 1963లో వారు కంపెనీ మొదలుపెట్టారు. అదే తర్వాత ఇంటింటికీ తెలిసిన 'సుమీత్' మిక్సీ. సుమీత్ అంటే మంచి స్నేహితుడు. (కేంద్రీయ విద్యాలయాలు మొదలైంది కూడా 1963లోనే. క్విజ్‌కు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.) చిలకడం కోసం చేసిన యంత్రానికి రుబ్బడం అప్పగిస్తే ఏమవుతుందో ఆ కాలిపోయిన మిక్సర్ చూపించింది.

సరే, అడుగున చూస్తే ఎర్ర బటన్ లోపలే ఉంది. అప్పుడేమిటి?

ముందు ఇల్లంతా చూడండి. వంటింటి లైటు కూడా ఆరిపోయిందా? అయితే తెగింది మిక్సీలో కాదు, మెయిన్ దగ్గర ఎం.సి.బి. పడిపోయి ఉంటుంది. అదే లైన్ మీద గీజరు, ఇస్త్రీపెట్టె, మిక్సీ మూడూ నడుస్తుంటే అది సహజం. ఒక్క మిక్సీ పెట్టినప్పుడే పదేపదే పడుతుంటే, లేదా మిక్సీ ముట్టుకుంటే వేలికి జివ్వుమంటుంటే, పిండో నీళ్లో లోపలికి దిగి ఉండొచ్చు, తీగ తొడుగు చెడి ఉండొచ్చు. అలాంటి మిక్సీని మళ్లీ పెట్టి చూడకూడదు, తెలిసినవాళ్లకు చూపించాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మిక్సీ వేయగానే అన్నీ ఆగిపోతే, చిన్న ఇన్వర్టర్ ఆ బరువు మోయలేక ఆపేసిందని అర్థం. మిక్సీలో ఏ లోపమూ లేదు.

లైటు వెలుగుతోంది, బటన్ లోపలే ఉంది, మిక్సీ మాత్రం తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతోంది. ఇది క్వార్టర్లలో ఉండేవాళ్లకు బాగా తెలిసిన జబ్బు. మన ముందు ఎన్ని కుటుంబాలు వచ్చి వెళ్లాయో, గోడలోని సాకెట్ అన్ని ప్లగ్గులు చూసి ఉంటుంది. దాని లోపలి ఇత్తడి పట్టీలు వదులైపోతాయి. పెద్ద పిన్నులకూ చిన్న పిన్నులకూ పనికొచ్చే సాకెట్లలో చిన్న ప్లగ్గు మరింత వదులుగా కూర్చుంటుంది. మిక్సీ అదురుకు పిన్ను కదిలి కరెంటు తెగుతుంది, కలుస్తుంది. పరీక్ష సులువు: అదే మిక్సీని ఇంకో గదిలో గట్టి సాకెట్‌కు పెట్టి చూడండి. అక్కడ ఆగకుండా తిరిగితే మార్చాల్సింది సాకెట్. ప్లగ్గు పిన్నులు నల్లబడినా, వాడిన తర్వాత వేడిగా ఉన్నా అదే గుర్తు. కొత్త క్వార్టర్‌లోకి దిగిన మొదటి వారంలోనే "పాత ఊళ్లో బాగా పనిచేసిన మిక్సీ ఇక్కడికి రాగానే పాడైంది" అనే మాట వినిపిస్తే, నేను ముందు గోడవైపే చూస్తాను.

కొన్ని ఊళ్లలో సాయంత్రాలు వోల్టేజి బాగా పడిపోతుంది. బల్బు గుడ్డిగా వెలుగుతుంది, ఫ్యాను ఈడుస్తుంది. అప్పుడు మోటారుకు బలం చాలదు, మామూలుగా తిరిగే పిండిలోనే బ్లేడు ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న మోటారు త్వరగా వేడెక్కుతుంది. అలాంటి ఊళ్లో గట్టి పనులు పొద్దున్నే చేసుకోవడం మేలు.

కొత్త మిక్సీల్లో కొన్నింటికి జార్ సరిగ్గా కూర్చుంటేనే, మూత బిగిస్తేనే తిరిగే ఏర్పాటు ఉంటుంది. అదురుకు జార్ కాస్త జరిగినా మిక్సీ ఆగుతుంది. ఆ గాడిలో ఎండిన పిండి పేరుకుని ఉన్నా ఇంతే. ఇది తుడిస్తే పోయే జబ్బు.

ఇవేవీ కాకపోతే అనుమానం లోపలి కార్బన్ బ్రష్షుల మీదికి వెళ్తుంది. యూనివర్సల్ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి ఇవే. పేరు బ్రష్షు గానీ కుచ్చు ఏమీ ఉండదు, పెన్సిల్ ముక్కలాంటి చిన్న బొగ్గు దిమ్మలు. వెనక స్ప్రింగు నెడుతుంటే ఇవి ఇరుసు మీది రాగి పలకలకు ఆనుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. అరిగాక సరిగ్గా ఆనవు, మిక్సీ ఆగి ఆగి తిరుగుతుంది, కాస్త తడితే మళ్లీ తిరుగుతుంది, రంధ్రాల్లోంచి మెరుపులు ఎక్కువగా కనిపిస్తాయి. కొద్దిపాటి మెరుపు ఎప్పుడూ ఉండేదే, భయపడక్కర్లేదు. బ్రష్షుల ఖరీదు కొత్త మిక్సీ ఖరీదులో చాలా చిన్న భాగం. ఈ సంగతి తెలియనివాళ్లు "మోటారు పోయిందండీ" అన్న ఒక్క మాటకు మొత్తం మిక్సీని వదులుకుంటారు. కొత్త ఊళ్లో, తెలియని దుకాణంలో, భాష కూడా సగమే వచ్చిన చోట మనలాంటివాళ్లకు ఇది తరచూ జరుగుతుంది.

అందుకే మళ్లీ మాటల దగ్గరికి వస్తున్నాను. మిక్సీ ఏం చేసినా మనం "కాలిపోయింది" అనేస్తాం. దుకాణంలో ఆ మాట అంటే, కాలిపోయినదానికి చేసే రిపేరే చెబుతారు. తెలుగులో దీనికి కావలసినన్ని మాటలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో చోటును చూపిస్తుంది. 'ఆగిపోయింది' వేరు, 'ఆగి ఆగి తిరుగుతోంది' వేరు. మొదటిది బటన్ వైపు, రెండోది సాకెట్, బ్రష్షుల వైపు చూపిస్తుంది. 'మూలుగుతోంది' అంటే బరువు మోయలేకపోతోందని. 'పట్టేసింది' అంటే జార్‌లో బ్లేడు తిరగడం లేదని. ప్లగ్గు పీకి, జార్ తీసి బోర్లించి, అడుగున ఉన్న కప్లరును చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. తేలిగ్గా తిరగకపోతే జార్‌లోని బుష్షు ఎండిపోయింది, మోటారు జోలికి పోనక్కర్లేదు. 'మోత వస్తోంది గానీ బ్లేడు తిరగడం లేదు' అంటే కప్లరు పళ్లు అరిగి జారుతున్నాయని. 'మాడు వాసన వచ్చింది' అంటే మాత్రం వెంటనే ఆపాలి. తీగల మీది పూత వేడెక్కుతోందన్నమాట. ఆ వాసనతో పాటు పొగ కూడా వచ్చి, చల్లారాక కూడా మిక్సీ తిరగకపోతే, అప్పుడు 'కాలిపోయింది' అనొచ్చు.

హిందీలోనో, మరాఠీలోనో, అస్సామీలోనో దుకాణంవాడికి చెప్పాల్సి వచ్చినా ముందు మీ మనసులో తెలుగు వాక్యం స్పష్టంగా ఉండాలి. ఏ పని చేస్తుండగా ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, ఆగేముందు చప్పుడు మారిందా, ఎర్ర బటన్ బయటికి వచ్చిందా, చల్లారాక తిరిగిందా. ఈ ఐదు సంగతులు చెప్పగలిగితే మీతో మాట్లాడే తీరే మారుతుంది.

అభ్యాసం

కింది వాక్యాలు చదివి, ముందు ఎక్కడ చూడాలో, ఎందుకో రెండేసి వాక్యాల్లో రాయండి.

"పసుపు కొమ్ములు వేసి ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పాం. మూలిగి మూలిగి ఆగింది. వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది."

"మజ్జిగ చిలుకుతుంటే ఆగి ఆగి తిరిగింది. ప్లగ్గును వేలితో నొక్కి పట్టుకుంటే ఆగలేదు."

"చిన్న జార్ పెడితే తిరగడం లేదు. పెద్ద జార్ పెడితే బాగానే తిరుగుతోంది."

రెండో పని: చిలుకు, దంచు, విసురు, నూరు, రుబ్బు. ఈ ఐదు క్రియలతో వంటింటికి సంబంధం లేని వాక్యాలు ఒక్కొక్కటి రాయండి. ఏదైనా ఒక క్రియకు దొరకకపోతే ఫోనులో అమ్మమ్మనో నానమ్మనో అడగండి. వాళ్ల ఊళ్లో ఈ ఐదూ కాక ఆరో మాట ఏదైనా ఉంటే, దానితో ఏ పనిముట్టు వాడేవారో కూడా అడిగి రాసుకుని రండి.